కడిగినా పోని జిడ్డు

బషీర్‌బాగ్ చౌరస్తాకు కాస్త దూరంలో, నౌబత్ పహాడ్ గుట్ట మీద బిర్లా సైన్స్ మ్యూజియం ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. బడి పిల్లలు లోపలికి అడుగు పెట్టగానే ఎక్కడికి పరుగెత్తుతారో వేరే చెప్పనక్కర్లేదు. ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ అనే రాక్షసిబల్లి అస్థిపంజరం దగ్గరికే! అంత పెద్ద జంతువు ఎదురుగా నిలబడి ఉంటే పగిలిన కుండలను ఎవరు చూస్తారు? గుంటూరు జిల్లా వడ్డమానులో 1981 నుంచి 1985 దాకా తవ్వకాలు జరిపింది ఈ బిర్లా వారి పురావస్తు పరిశోధన సంస్థే. అలాంటి తవ్వకాల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికేవి నాణేలూ కావు, నగలూ కావు. కుండపెంకులు! బుట్టల కొద్దీ, బస్తాల కొద్దీ కుండపెంకులు.

“పగిలిన కుండే కదా, అందులో ఏముంది?” అంటారేమో. అందులో వంట ఉంది పిల్లలూ! వేల ఏళ్ల క్రితం ఎవరో పొయ్యి మీద పెట్టి, తిని, గిన్నె కడిగేసి మరిచిపోయిన వంట.

ఎలాగో తెలుసుకోవాలంటే ముందు దీపావళి రాత్రిని గుర్తు చేసుకోండి.

కొత్త మట్టి ప్రమిదల్లో నూనె పోసి గట్టు మీద వరుసగా పెడతాం. మర్నాడు పొద్దున ప్రమిద ఎత్తి చూస్తే దాని అడుగున గుండ్రంగా జిడ్డు మరక కనిపిస్తుంది. ప్రమిదకు చిల్లు లేదు, పగులూ లేదు. మరి నూనె కిందికి ఎలా వచ్చింది? కాల్చిన మట్టిలో కంటికి కనబడని సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. నూనె వాటిలోకి ఇంకి, మెల్లగా పాకి, అవతలి పక్కకు చేరుతుంది. అందుకే పెద్దవాళ్లు కొత్త ప్రమిదలను ముందు నీళ్లలో నానబెడతారు. రంధ్రాల్లో నీళ్లు నిండి ఉంటే నూనెకు చోటుండదు, ఖర్చు తగ్గుతుంది. ఎవరూ వాళ్లకు భౌతికశాస్త్రం చెప్పలేదు. నూనె ధరే చెప్పింది.

మా అమ్మమ్మకు పెరుగు తోడుపెట్టే మట్టి ముంత ఒకటి ఉండేది. దాన్ని ఆమె బూడిదతో, కొబ్బరి పీచుతో ఎంత తోమినా, ఎండలో ఎన్నాళ్లు ఆరబెట్టినా, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన వచ్చేది. అశోక్‌నగర్ ఇంటికి మారేటప్పుడు దాన్ని జాగ్రత్తగా పట్టుకోమని నా చేతికిచ్చారు. రిక్షా దిగుతూ నేనే పగలగొట్టాను. ఆ పెంకులను కొన్నాళ్లు పెరటి గోడ మీద పెట్టి ఉంచాం. వానకు తడిసి, ఎండకు ఎండి కూడా అవి జిడ్డుగానే ఉండేవి. పురావస్తు శాస్త్రజ్ఞులు ఈ రోజు చేస్తున్న పని అంతా ఆ జిడ్డు మీదే ఆధారపడి ఉంది.

కుండలో కూర ఉడికేటప్పుడు కొవ్వు కరిగి, నీటి మీద తేలి, గోడల్లోకి ఇంకిపోతుంది. కొవ్వు నీటిలో కరగదు గనక, ఆ తరువాత కుండ భూమిలో పడి వెయ్యి వానలకు తడిసినా అది కొట్టుకుపోదు. దాన్ని తినగల సూక్ష్మజీవులు చాలా రంధ్రాల్లోకి దూరలేవు. పిండి పదార్థాలూ మాంసకృత్తులూ చాలావరకు చివికిపోయినా, కొవ్వు మాత్రం కొంచెం కొంచెంగా నిలిచి ఉంటుంది. ఇంకో సంగతి. తేలేది పైనే కాబట్టి, నీళ్లు పోసి ఉడికించిన కుండల్లో ఈ కొవ్వు అడుగున కంటే మూతి అంచుకు దగ్గరగా ఎక్కువ పడుతుంది. అంటే కుండలో ఏ భాగంలో జిడ్డు ఎక్కువుందో చూసి, అందులో ఉడికించారా లేదా అన్నది కూడా కొంతవరకు చెప్పవచ్చు.

మన స్టీలు గిన్నెలు ఇలా ఏమీ దాచుకోవు. మూడువేల ఏళ్ల తరువాత మన వంటిల్లు తవ్వే శాస్త్రజ్ఞుడి మీద నాకిప్పుడే జాలిగా ఉంది!

పెంకును పొడి చేసి...

పరిశోధన ఇలా జరుగుతుంది. పెంకు పైపొరను చిన్న డ్రిల్లుతో గీకి పారేస్తారు. పైన అంటిన మట్టి, పట్టుకున్న వాళ్ల చేతి జిడ్డు దానితో పోతాయి. లోపలి భాగంలో రెండు గ్రాములు తీసుకుని మెత్తగా నూరుతారు. దాన్ని క్లోరోఫాం, మిథనాల్ వంటి ద్రావకాలలో కలిపితే కొవ్వు మట్టిని వదిలి ద్రావకంలోకి వస్తుంది. దొరికే కొవ్వు ఎంత? ఒక గ్రాము పొడిలో కనీసం 5 మైక్రోగ్రాములు ఉంటే చాలు, పరిశోధనకు పనికొస్తుందని ఒప్పుకుంటారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షల వంతు. ఆ కాస్త కొవ్వును గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రంలోకి పంపితే, అందులోని పదార్థాలన్నీ విడివిడిగా, ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి.

కొన్ని పదార్థాలు తమ పేరు తామే చెప్పేస్తాయి. క్యాబేజీ ఆకు మీద నీటి చుక్క నిలవకుండా జారిపోవడం చూశారు కదా. దానికి కారణం ఆకు మీది మైనపు పూత. ఇంగ్లండులో దొరికిన మధ్యయుగపు కుండల్లో ఆ మైనాన్నే రిచర్డ్ ఎవర్షెడ్ బృందం 1991లో గుర్తించింది. వరిగలకు కూడా అలాంటి గుర్తు ఒకటుంది. ఆ గింజల్లో మిలియాసిన్ అనే పదార్థం ఎక్కువ. 2016లో దాన్ని కొరియా, పోలండ్ దేశాల ప్రాచీన కుండల్లో పట్టుకున్నారు.

పాలా? మాంసమా?

అసలు చిక్కు పశువుల కొవ్వుతో వచ్చింది. ఆవు మాంసంలోని కొవ్వు, ఆవు పాలలోని కొవ్వు రెండూ భూమిలో వేల ఏళ్లు నిలిచాక ఒకేలా అయిపోతాయి. మిగిలేవి ముఖ్యంగా రెండు ఆమ్లాలు. పదహారు కార్బన్ అణువుల పొడవున్న పామిటిక్ ఆమ్లం, పద్దెనిమిది అణువుల స్టియరిక్ ఆమ్లం. మాంసంలోనూ అవే, పాలలోనూ అవే. మరి తేడా తెలిసేదెలా?

ఎవర్షెడ్, ఆయన సహచరురాలు స్టెఫనీ డడ్ బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో దీనికి దారి కనిపెట్టి 1998లో ప్రకటించారు. కార్బన్ అణువులన్నీ ఒకే బరువుండవు. ఎక్కువ భాగం కార్బన్-12. వందకు దాదాపు ఒకటి మాత్రం కాస్త బరువైన కార్బన్-13. ఆవు తన ఒంట్లోని కొవ్వును తయారు చేసుకునేటప్పుడు రెండు ఆమ్లాలనూ ఒకే ముడిసరుకుతో తానే తయారు చేసుకుంటుంది. కాబట్టి రెండింటిలోనూ బరువైన కార్బన్ పాలు ఇంచుమించు ఒకటే. పొదుగు సంగతి వేరు. పదహారు అణువుల ఆమ్లాన్ని అది చేసుకోగలదు. పద్దెనిమిది అణువుల ఆమ్లాన్ని చేసుకోలేదు. ఆవు మేసిన గడ్డిలోని కొవ్వు నుంచి అరువు తెచ్చుకుంటుంది. గడ్డి కొవ్వులో బరువైన కార్బన్ తక్కువ.

ఇదెలా ఉందంటే, సంక్రాంతికి పళ్లెంలో అరిసెలూ సున్నుండలూ పెట్టారనుకోండి. రెండూ ఒకే ఇంట్లో చేసినవైతే రెండింటిలోనూ ఒకే బెల్లం రుచి. అరిసెలు ఇంట్లో చేసి సున్నుండలు పక్కింటి నుంచి తెస్తే బెల్లం తేడా నాలుకకు తెలిసిపోతుంది. పాల కొవ్వులో ఆ ‘పక్కింటి బెల్లాన్ని’ యంత్రం పట్టేస్తుంది. 2008లో ఎవర్షెడ్ బృందం 2,200కు పైగా కుండలను ఇలా పరీక్షించి, నేటి టర్కీ ప్రాంతంలో క్రీ.పూ. ఏడవ సహస్రాబ్దిలోనే పాలు కుండల్లో పోశారని చూపించింది.

ఏడాది పాటు వంట

మీకొక అనుమానం రావాలి. ఒక కుండలో ఒకే వంట చేస్తారా? ఈ రోజు పప్పు, రేపు పులుసు, ఎల్లుండి చేపలు. అన్నీ కలిసిపోయిన కుండ దేని సంగతి చెబుతుంది?

అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞురాలు క్రిస్టీన్ హస్టార్ఫ్‌కు కూడా ఈ అనుమానమే వచ్చింది. అనుమానం వస్తే వండి చూడటమే మంచిదనుకున్నారు. కొత్త మట్టి కుండలు తెచ్చి, ఏడుగురు వంటవాళ్లు దాదాపు ఏడాది పాటు వారం వారం వాటిలో గోధుమ, మొక్కజొన్న, జింక మాంసం వండారు. ఒక్కొక్క కుండలో యాభై వంటలు! చివర్లో కొన్నిసార్లు మాత్రం ఉద్దేశపూర్వకంగా వంట మార్చేశారు. 2020లో ఫలితం ప్రకటించారు. అడుగంటి మాడిన పెచ్చు చివరి వంట సంగతి చెబుతుంది. లోపలి గోడకు పట్టిన పలుచని పొర చివరి వంటతో బాటు అంతకు ముందు వాటి సంగతీ కలిపి చెబుతుంది. గోడల్లోకి ఇంకిన కొవ్వు మాత్రం చివరి వంటకు అంత సులభంగా మారదు. పాత వంటల జ్ఞాపకమే అందులో ఎక్కువ. ఒకే కుండలో నిన్నటి కథా ఉంది, ఏడాది కథా ఉంది. ఏది కావాలంటే అక్కడ గీకి చూడాలి.

సింధు లోయ కుండలు ఏమన్నాయి?

మన దేశంలో ఈ పద్ధతిని ఎక్కువగా వాడింది హరప్పా నాగరికత కుండల మీద. అక్ష్యేత సూర్యనారాయణ్ కేంబ్రిడ్జిలో ఉండగా వాయవ్య భారతంలోని రాఖీగఢీ మొదలైన చోట్ల దొరికిన 172 పెంకులను పరీక్షించారు. వాటిలో పశువుల, పందుల కొవ్వుల జాడలు ఎక్కువ. పాల జాడ తక్కువ. సరిగ్గా అప్పుడే, 2020లో, కల్యాణ్ శేఖర్ చక్రవర్తి బృందం గుజరాత్‌లోని కోటడా భాడ్లీ అనే చిన్న పల్లెలో దొరికిన 59 పెంకుల ఫలితాలు ప్రకటించింది. క్రీ.పూ. 2500 ప్రాంతానికి అక్కడి వాళ్లు పాలను కుండల్లో కాచారని తేలింది. ఒకే నాగరికత, రెండు ప్రాంతాలు, రెండు రకాల వంటిళ్లు! ఆంధ్రదేశంలో కూడా కోస్తా వంట వేరు, సీమ వంట వేరు కదా. అలాగే.

హర్యానాలోని ఫర్మానాలో అరుణిమా కశ్యప్, స్టీవ్ వెబర్ కొవ్వుకు బదులు పిండి రేణువులను వెదికారు. ఏ మొక్క పిండి రేణువు ఆకారం దానిదే. సూక్ష్మదర్శిని కింద అల్లం, పసుపు, వంకాయ కనిపించాయి. 2010లో ఈ సంగతి బయటపడ్డాక ‘నాలుగువేల ఏళ్ల కూర’ అని పత్రికలు రాశాయి. అందులో మిరపకాయ మాత్రం లేదు. ఉండదు కూడా. మిరప, టమాటా సముద్రం దాటి మన దేశానికి వచ్చి అయిదువందల ఏళ్లు మించలేదు.

ఉలవల దగ్గర తిరకాసు

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగునేల మీద అయిదువేల ఏళ్ల క్రితం ఏం తిన్నారు?

ఇక్కడే కుండ కొంచెం మొహమాటపడుతుంది. కుండ గుర్తుంచుకునేది ముఖ్యంగా కొవ్వును. కొవ్వు లేని తిండి దానికి గుర్తుండదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూడండి. వంద గ్రాముల నువ్వుల్లో కొవ్వు 43 గ్రాములు. వంద గ్రాముల ఉలవల్లో? అర గ్రాము! నూరేళ్లు ఉలవలు ఉడికించినా కుండ గోడలో మిగిలేది అతి స్వల్పం. ఒక్కసారి మాంసం వండితే ఆ కొవ్వు ముందు ఇది కనబడదు కూడా. జిడ్డును మాత్రమే నమ్మితే, మన పూర్వులు ఎప్పుడూ మాంసమే తిన్నారనుకుంటాం. అంబలి తాగి బతికిన రోజులు లెక్కలోకే రావు.

అందుకు ఇంకొక సాక్షిని పిలవాలి. ఆ సాక్షి పొయ్యిలోని బూడిద.

వండేటప్పుడు నాలుగు గింజలు నిప్పుల్లో పడతాయి. పూర్తిగా కాలిపోనివి బొగ్గయి నిలుస్తాయి. బొగ్గును చెదలు తినవు, అది కుళ్లదు. తవ్వి తీసిన మట్టిని నీళ్ల తొట్టిలో పోసి కలిపితే మట్టి కిందికి దిగుతుంది, మాడిన గింజలు పైకి తేలతాయి. సన్నని జల్లెడతో వాటిని వడకట్టి, నీడన ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటే గుర్తిస్తారు. మన అమ్మలు బియ్యం కడిగేటప్పుడు తేలిన పొల్లును వంచేస్తారు చూడండి, అదే పని. కాకపోతే ఇక్కడ పారబోసేది మట్టిని, దాచుకునేది తేలినదాన్ని!

పెన్నా పరీవాహక ప్రాంతంలో నవీన శిలాయుగపు ఊళ్లను గాలించిన పి.సి. వెంకటసుబ్బయ్య, ధార్వాడకు చెందిన రవి కోరిసెట్టర్, లండన్ విశ్వవిద్యాలయ కళాశాల శాస్త్రజ్ఞుడు డోరియన్ ఫుల్లర్, కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు మార్టిన్ జోన్స్ కలిసి ఈ పద్ధతిలో దక్షిణాదిన 12 చోట్ల గింజలు వెదికారు. కడప జిల్లాలోని హనుమంతరావుపేట, పెద్దముడియం, కర్నూలు సీమలోని సింగనపల్లె, రూపనగుడి వాటిలో ఉన్నాయి. మిగతా వాటిలో కర్ణాటకలోని సంగనకల్లు, హళ్లూరు ముఖ్యమైనవి. క్రీ.పూ. 2800 నుంచి 1200 దాకా అక్కడ మనుషులు నివసించారు. 2004లో ఫలితాలు వచ్చాయి.

ఎక్కువగా దొరికినవి నాలుగే నాలుగు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్రకు బంధువైన ఇంకొక గడ్డి గింజ. ఈ చివరిది మీకు తెలుసు. పొలంగట్టున నడిస్తే బట్టలకు అంటుకుని ఒకంతట వదలని గడ్డి! ఈనాడు మనం కలుపు అని పీకేసేదాన్ని ఆనాడు కోసుకుని తిన్నారు. ఈ నాలుగూ పరాయి దేశం నుంచి వచ్చినవి కావు. మన దక్షిణాది మెట్టనేలల్లో సహజంగా పెరిగే మొక్కలనే ఇక్కడి వాళ్లు మచ్చిక చేసుకుని పంటలుగా మార్చారు. వ్యవసాయం అంటే ఎక్కడో టైగ్రిస్ నది ఒడ్డున పుట్టి మనకు వచ్చిందని పాఠాల్లో చదువుకుంటాం. గోధుమ, బార్లీ విషయంలో అది నిజమే. అవి ఈ ఊళ్లలో తరువాత, అదీ కొన్నిచోట్లే కనిపిస్తాయి. ఆ పైన ఆఫ్రికా నుంచి సజ్జలు, అనుములు వచ్చాయి. ఈ రోజు పప్పు అనగానే మనకు గుర్తొచ్చే కంది కూడా అప్పట్లో కొత్త చుట్టమే. ఒడిశా వైపు నుంచి వచ్చింది.

ఉలవలను నమిలి చూశారా? రాళ్లు! గంటల కొద్దీ ఉడికిస్తే తప్ప మెత్తబడవు. కుండ లేకపోతే ఉలవ తిండికి రాదు. ఎద్దులకు ఉలవ గుగ్గిళ్లు పెట్టి, ఆ ఉడికించిన నీటిని మరిగించి మనుషులు చారు కాచుకోవడం మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఉన్నదే. పెళ్లి విందులో వెన్న వేసి వడ్డిస్తారు గనక ఉలవచారు ఇప్పుడు గొప్పింటి వంటయిపోయింది! పశువూ, ఉలవా, కుండా మూడూ కలిసి ఉన్న ఇల్లు దాని పుట్టిల్లు.

బూడిదలో గిట్టల గుర్తులు

పశువుల మాటకొస్తే, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణానది దగ్గర ఉట్నూరు అనే ఊరుంది. (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు సుమా!) అక్కడ ఒక పెద్ద బూడిద దిబ్బ. ఇలాంటివి బళ్లారి, అనంతపురం, రాయచూరు వైపు చాలా ఉన్నాయి. రాక్షసుల చితాభస్మమని, వాలిని దహనం చేసిన చోటని జనం కథలు చెప్పుకునేవారు. ఎఫ్.ఆర్. ఆల్చిన్ 1957లో ఉట్నూరు దిబ్బను తవ్వారు. బూడిద పొరల మధ్య కనిపించినవి పశువుల గిట్టల గుర్తులు! అది పశువుల దొడ్డి. చుట్టూ దుంగల కంచె కట్టి మందను తోలేవారు. పేడ గుట్టలుగా పెరిగేది. ఎప్పుడో ఒకప్పుడు దానికి నిప్పు పెట్టేవారు. మళ్లీ కంచె, మళ్లీ మంద, మళ్లీ మంట. నాలుగున్నర వేల ఏళ్లకు పైబడిన మాట ఇది.

అంతటి మందలను పెంచినవాళ్లు వాటిని పితికారా? పెరుగు తోడుపెట్టారా? ఎముకల మీది కత్తి గాట్లు మాంసం సంగతి చెబుతాయి. పశువు ఏ వయసులో చచ్చిందో పళ్లను చూసి లెక్కకట్టి, పాల సంగతి ఊహించవచ్చు. కానీ పాలు పోసిన కుండే దొరికితే ఊహతో పనిలేదు. పొదుగు అరువు తెచ్చుకున్న ఆ పద్దెనిమిది అణువుల ఆమ్లం పెంకులో ఉండాలి.

ఉండాలంటే ఆ పెంకును మనం పాడుచేయకుండా ఉండాలి. వందేళ్లుగా తవ్వకాల్లో పద్ధతి ఏమిటంటే, పెంకు దొరకగానే బకెట్లో వేసి బ్రష్షుతో తోమి, ఎండబెట్టి, సిరాతో అంకె వేసి, సంచిలో పోయడం. నీటితో లోపలి కొవ్వు పోదు గాని, అడుగంటిన మాడు పోతుంది. పిండి రేణువులు పోతాయి. గోడ మీది సున్నపు పెచ్చు వదలాలని ఆమ్లంలో ముంచితే ఇంకా నష్టం. చేత్తో పట్టుకుంటే మన చర్మం నుంచి స్క్వాలిన్ అనే జిడ్డు అంటుకుంటుంది. ప్లాస్టిక్ సంచిలో వేస్తే ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు పెంకులోకి చేరతాయి. యంత్రం మాత్రం దేన్నీ వదలదు. నాలుగువేల ఏళ్ల పాల పక్కన నిన్నటి ప్లాస్టిక్ సంచినీ, తవ్వినవాడి బొటనవేలినీ కూడా నిజాయితీగా చూపిస్తుంది!

అందుకని ఇప్పుడు తవ్వకాల్లో, ముఖ్యంగా మసి పట్టిన కుండల మూతి ముక్కలు కనిపిస్తే, కొన్నిటిని కడగకుండా పక్కన పెడతారు. చేతికి తొడుగు వేసుకుని, మట్టితోనే తీసి, పక్కనున్న మట్టిని కూడా ఒక గుప్పెడు తీసుకుంటారు. మట్టిలో సహజంగా ఉన్న కొవ్వు ఎంతో తెలియాలి కదా. ఆ పైన రెండింటినీ విడివిడిగా అల్యూమినియం రేకులో చుట్టి పెట్టెలో సర్దుతారు. మధ్యాహ్నం బడిలో విప్పుకు తినడానికి మీ అమ్మ చపాతీలు చుట్టి ఇస్తుంది చూడండి, అదే రేకు.